చెక్క నీళ్లలో మజ్జిగ పోసి మాంసకృత్తులు పారబోసుకున్నా

పైన వీడియోలో రెండు గాజు గ్లాసులు చూశారు కదా. రెండింట్లోనూ ఉన్నది వేరుశనగ చెక్క నానబెట్టి వడకట్టిన నీళ్లే. ఒక గ్లాసులో మా పాప నిమ్మచెక్క పిండింది. అంతే, పాలు విరిగినట్టు తెల్లగా విరిగిపోయింది. పది నిమిషాలకు ఆ తెలుపంతా అడుక్కి దిగింది.

"నాయనా, ఆ అడుగున ఉన్నదే మాంసకృత్తులు. నువ్వు ఇన్నేళ్లూ గుడ్డలో పట్టి పారేసింది ఇదే" అంది. డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతోంది లెండి.

నాకు నోట మాట రాలేదు. మాది కదిరి వైపు, డ్రిప్ మీద టమోటా. పది కిలోల చెక్క నానబెట్టి, అందులో పులిసిన మజ్జిగ రెండు లీటర్లు పోసి, మూడు రోజులుంచి, పలుచటి గుడ్డలో వడకట్టి వెంచురీ ద్వారా వదిలేవాణ్ణి. మజ్జిగ పోస్తే బలం అని ఎవరో చెప్పారు, నేనూ నలుగురికి చెప్పాను. గుడ్డలో మిగిలిన పిప్పిని కంచె పక్కనున్న వేపచెట్టు మొదట్లో పోసేవాణ్ణి. ఆ వేపచెట్టు నల్లగా నిగనిగలాడేది, టమోటా మాత్రం పాలిపోయి ఉండేది. అప్పుడైనా నాకు అనుమానం రాలేదు చూడండి!

వేరుశనగ చెక్కలో నూటికి 7 పాళ్ల దాకా నత్రజని ఉంటుంది. అంటే పది కిలోల్లో 700 గ్రాములు. అదంతా దాదాపు మాంసకృత్తుల రూపంలోనే ఉంటుంది. డ్రిప్ ఫిల్టరు దాటి మొక్క వేరు దగ్గరికి పోవాలంటే అది ముందు నీళ్లలో కరగాలి. కరిగిన తర్వాత మొక్క దాన్ని నేరుగా తాగేయదు. నేలలోని సూక్ష్మజీవులు విరగ్గొట్టి అమ్మోనియం, నైట్రేటుగా మారిస్తేనే వేరు పెద్దగా తీసుకునేది. కరగకుండా గుడ్డలోనే ఉండిపోతే ఆ పని జరిగేది వేపచెట్టు కింద!

మరి దేంట్లో కరుగుతాయి? అమెరికా శాస్త్రవేత్త థామస్ ఆస్బర్న్ గింజల్లోని మాంసకృత్తులను అవి దేంట్లో కరుగుతాయన్నదాన్ని బట్టే విడదీశాడు. కొన్ని మామూలు నీళ్లలో, కొన్ని ఉప్పు నీళ్లలో, కొన్ని సారాయి లాంటి ఆల్కహాల్లో, కొన్ని క్షారంలో. మన కంది, శనగ, వేరుశనగల్లో ఎక్కువ భాగం ఉప్పు నీళ్లలో కరిగే రకం. మడికి ఉప్పు పెట్టలేం కాబట్టి ఆ దారి మనకు వద్దు. మిగిలింది క్షారం. పీహెచ్ 4, 5 మధ్యకు దిగితే వేరుశనగ మాంసకృత్తులు గడ్డకడతాయి, 8 దాటితే బాగా కరుగుతాయి. పులిసిన మజ్జిగ, నిమ్మరసం సరిగ్గా ఆ గడ్డకట్టే చోటికే లాగుతాయి. మైసూరులోని సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్లు వేరుశనగ నుంచి తీసిన మాంసకృత్తులను గేదె పాలలో కలిపి మిల్టోన్ అనే పాలు తయారు చేశారు. అలా తీయడానికి వాడేది ఈ క్షారం, పులుపు కిటుకే. క్షారంతో కరిగించి, పిప్పి తీసేసి, పులుపుతో గడ్డకట్టిస్తారు. నేను మొదటి మెట్టు ఎక్కకుండానే రెండోది ఎక్కేశాను.

క్షారం అంటే కాస్టిక్ సోడా కొనాల్సిన పని లేదు. కట్టెల పొయ్యి బూడిద చాలు. వెనక మన అవ్వలు గుడ్డలు ఉతికింది ఆ బూడిద తేటతోనే కదా. అందులో ఉండేది ఎక్కువగా పొటాషియం కార్బొనేటు, పంటకు పొటాష్ కూడా కలిసొస్తుంది. నేను చేసేది ఇలా. జల్లించిన బూడిద రెండు గుప్పిళ్లు రెండు లీటర్ల నీళ్లలో కలిపి, రాత్రి వదిలేసి, పొద్దున పైతేట వంచుకుంటా. దంచిన చెక్క కిలోకు పది లీటర్ల నీళ్లు పోసి గంటసేపు మధ్యమధ్య కలియబెట్టి, బూడిద తేట కొంచెం కొంచెంగా పోస్తూ పీహెచ్ కాగితం 8 చూపించగానే ఆపేస్తా. ఇంకో అరగంట కలిపి వడకట్టి, అదే రోజు వదిలేస్తా. మరుసటి రోజుకు ఉంచితే దానంతట అదే పులుస్తుంది, మళ్లీ విరుగుతుంది. గోమూత్రం మాత్రం ఇందులో కలపొద్దు. క్షారంలో అమ్మోనియా ముక్కుకు ఘాటుగా కొడుతూ గాలికి పోతుంది, అది మన నత్రజనే. పులిసిన జీవామృతం ఉన్న ట్యాంకులోనూ పోయకండి, విరిగి ఫిల్టరు పట్టేస్తుంది. చివర పావుగంట వట్టి నీళ్లు వదిలితే లేటరల్ పైపుల్లో జిగురు పేరుకోదు.

చౌడు నేలలున్నవాళ్లు బూడిద జోలికి పోకుండా వట్టి నీళ్లతోనే రెండుసార్లు పిండుకోండి, కొంచెం తక్కువ దిగుతుంది అంతే. డ్రిప్ లేనివాళ్లకు ఈ తతంగమే అక్కర్లేదు, పిప్పితో సహా పాదుల్లో వేసుకోవచ్చు.

చెక్క ఎక్కడిదన్నది కూడా చూసుకోవాలి. సాల్వెంట్ మిల్లుల్లో నూనె లాగేది హెక్సేన్‌తో. అది పెట్రోలియం నుంచి వచ్చే ద్రవం, 69 డిగ్రీలకు మరుగుతుంది. చెక్కలో మిగిలిన హెక్సేన్‌ను తోలడానికి ఆవిరి పట్టిస్తారు. ఆ వేడికి మాంసకృత్తులు ఉడికిన గుడ్డులా బిగుసుకుంటాయి. ఉడికిన గుడ్డు తెల్లసొన నీళ్లలో కరుగుతుందా? ఎక్స్‌పెల్లర్ చెక్కకూ వేడి తగులుతుంది. నిమ్మరసం పరీక్ష మా ఊరి కట్టె గానుగ చెక్కకూ, బజారు ఎక్స్‌పెల్లర్ చెక్కకూ పక్కపక్కన పెట్టి చేశాం. గానుగ దాంట్లో దిగిన గడ్డ చూస్తే తేడా అడగక్కర్లేదు, వీడియో చివర్లో ఉంది.

ఆముదం చెక్కతో ఈ పని చేసేవాళ్లు జాగ్రత్త. అందులోని రైసిన్ అనే విషం కూడా నీళ్లలో కరిగే మాంసకృత్తే. ఆ నానిన నీళ్ల బకెట్టు దగ్గరికి గొడ్డూ గోదా, కుక్కా, చిన్నపిల్లలూ పోకుండా చూసుకోండి.

చేప-బెల్లం ద్రావణం సంగతి అడుగుతుంటారు. అక్కడ బెల్లం చేప కండలోంచి నీళ్లు లాగుతుంది, చేప పేగుల్లోని ఎంజైములు మాంసకృత్తులను ముక్కలు చేస్తాయి. ముక్కలైనవి పులుపులోనూ గడ్డకట్టవు. అందుకే అది నెలలు నిలుస్తుంది, చెక్క నీళ్లు నిలవవు. బెల్లం తగ్గిస్తే కుళ్లుతుంది, ఒకసారి పిసినారితనం చేసి వీధంతా కంపు కొట్టించాను. తీపి, పులుపు, కాసిని నీళ్లు తగు పాళ్లలో కలిస్తే వచ్చే చిక్కటి ద్రవం మీద 2011లో నెదర్లాండ్స్‌లోని లైడెన్ శాస్త్రవేత్తలు రాశారట. మాంసకృత్తులు తీయడానికి ఇప్పుడు అలాంటి వాటిని పరీక్షిస్తున్నారని మా పాప చెప్పింది. అది ల్యాబుల్లో సంగతి.

దిగుబడి ఎంత పెరిగిందని అడక్కండి, ఒక్క పంటే చూశాను, అంకె చెప్పడం తొందరవుతుంది. ఫిల్టరు కడగడం మాత్రం తగ్గింది. మీ దగ్గరున్న చెక్క నీళ్లలోనూ ఒక నిమ్మచెక్క పిండి చూడండి. ఏ చెక్క, ఎంత విరిగింది, వీడియో కింద రాయండి.