ఆంగ్‌కోర్ వాట్ పాస్: ఎన్ని రోజులది తీసుకోవాలి?

కంబోడియా వెళ్తున్నారా? సియెమ్ రీప్‌లో చూడాల్సింది ఆంగ్‌కోర్ వాట్ ఒక్కటే కాదు. 12వ శతాబ్దంలో రెండో సూర్యవర్మన్ విష్ణువు కోసం కట్టించిన ఈ ఆలయంతో పాటు బాయన్, తా ప్రోమ్ కూడా ఒకే పాస్‌పై చూడొచ్చు. విదేశీయులకు ఒక రోజుకు 37 డాలర్లు, 3 రోజులకు 62, 7 రోజులకు 72. మూడు రోజుల పాస్‌ను వరుసగా వాడక్కర్లేదు, 10 రోజుల్లో ఎప్పుడైనా సరే. అక్కడి ఎండకు ఇదే మేలు. పాస్‌పై మీ ఫొటో ఉంటుంది. అందుకే ఇంకొకరి పాస్ చవగ్గా ఇస్తామంటే కొనకండి, చెల్లదు. 12 ఏళ్లలోపు పిల్లలకు ఉచితం, కానీ వయసు చూపడానికి పాస్‌పోర్ట్ వెంట ఉండాలి. ఆలయం పై అంతస్తుకు ఎక్కాలంటే భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు తప్పనిసరి. షార్ట్స్‌తో వెళ్తే మెట్ల దగ్గరే ఆపేస్తారు.