కొండమీది మూడవ మనిషి: రేడియో రిపీటరు, దానిని కాపాడు సంఘము

పెద్ద కొండకు ఈవలనున్న రైతు ఆవలనున్న రైతును ఎంత గట్టిగా పిలిచినను ఆ కేక చేరదు. కాని శిఖరముపై మూడవ మనిషి యొకడు నిలిచి, ఈవలి మాటను విని, దానినే ఆవలివైపు గట్టిగా చెప్పినచో ఇద్దరి నడుమ సంభాషణ చక్కగా సాగును. ఔత్సాహిక రేడియోలో ‘రిపీటరు’ అను యంత్రము చేయు పని సరిగా ఇదియే. అది బలహీనమైన రేడియో సంకేతమును విని, అదే క్షణమున బలమైన సంకేతముగా మరల ప్రసారము చేయును.

అయితే ఆ మూడవ మనిషికి తిండి, నీడ, ఆరోగ్యము కావలసియున్నట్లే రిపీటరుకును కొన్ని అవసరములు గలవు. వాటిని కనిపెట్టి తీర్చువారు లేనిచో, అది అవసరమైన నాడే మూగవోవును. వాటిని తీర్చునది స్థానిక ఔత్సాహిక రేడియో సంఘము.

ధనాపేక్ష లేక, కేవలము విజ్ఞానాభిలాషతోను, సేవాభావముతోను రేడియో ప్రసారములు చేయువారిని ఔత్సాహికులు లేక ‘హామ్’లు అందురు. మన దేశములో వీరు కేంద్ర ప్రభుత్వము నిర్వహించు పరీక్షలో ఉత్తీర్ణులై లైసెన్సు పొందవలెను. ఒక్కొక్కరికి ఒక్కొక్క పిలుపుగుర్తు నిచ్చెదరు. ఈ గుర్తులు సాధారణముగా ‘వి.యు.’ అను అక్షరములతో ప్రారంభమగును.

ఎత్తువలన కలుగు లాభము

రిపీటర్లు ఎక్కువగా 145 మెగాహెర్ట్జుల ప్రాంతమున పనిచేయును. ఈ తరంగముల దైర్ఘ్యము సుమారు 2 మీటర్లు. ఇవి ఇంచుమించు కాంతివలె తిన్నగా పోవును గాని, భూమి గుండ్రదనమును అనుసరించి దూరముగా వంగవు. కావున ఏరియలు ఎంత ఎత్తున నుండునో, తరంగములు అంత దూరము చేరును. దీనికి సులభమైన సూత్ర మొకటి గలదు: దూరము = 4.12 × √ఎత్తు. ఇందు ఎత్తును మీటర్లలోను, దూరమును కిలోమీటర్లలోను లెక్కింపవలెను. వాయుమండలము తరంగములను కొంచెము క్రిందికి వంచుటకూడ ఈ 4.12 అను సంఖ్యలో ఇమిడియున్నది.

ఒక మనిషి చేతిరేడియోను 1.5 మీటర్ల ఎత్తున పట్టుకొన్నచో దాని క్షితిజము సుమారు 5 కిలోమీటర్లు. అట్టి ఇద్దరు చెట్లు, ఇండ్లు అడ్డులేని మైదానములో 10 కిలోమీటర్లకు మించి మాటాడుకొనలేరు. పరిసరములకంటె 225 మీటర్లు ఎత్తైన కొండమీద ఏరియలు నిలిపినచో దాని క్షితిజము 62 కిలోమీటర్లగును. దానికి చేతిరేడియో క్షితిజమును కలిపినచో 67 కిలోమీటర్లు. అనగా కొండకు చెరియొక దిక్కున 67 కిలోమీటర్ల దూరమున నున్న ఇద్దరు, 5 వాట్ల చిన్న రేడియోలతోనే మాటాడుకొనవచ్చును. విద్యార్థులు తమ ఊరి చేరువనున్న కొండల ఎత్తులను తీసికొని ఈ లెక్కను చేసి చూడవచ్చును.

వినుచునే మాటాడుట

రిపీటరులోని అసలు చిక్కు ఇచ్చటనే యున్నది. కొండమీది మనిషి ముందు విని, తరువాత చెప్పును. రిపీటరు అట్లు ఆగుటకు వీలులేదు, వినుచున్నంతసేపును చెప్పుచుండవలెను. అందుచే దాని గ్రాహకము ఒక పౌనఃపున్యమునను, ప్రేషకము వేరొక పౌనఃపున్యమునను పనిచేయును. 145 మెగాహెర్ట్జుల ప్రాంతమున ఈ రెంటికి నడుమ సాధారణముగా 600 కిలోహెర్ట్జుల ఎడముండును.

ఈ ఎడము చాలునా? మంచి గ్రాహకము 0.2 మైక్రోవోల్టుల సంకేతమును వినగలదు. 50 ఓముల నిరోధముపై దీని శక్తిని లెక్కించినచో, ఒక వాటును పదివేల కోట్ల భాగములు చేసి, అందొక భాగమును మరల లక్ష భాగములు చేయగా వచ్చు ముక్కలు ఎనిమిదింటితో సమానము. ప్రేషకము వెలువరించునది 25 వాట్లు. ఈ రెండు శక్తుల నిష్పత్తి 3 తరువాత 16 సున్నలు గల సంఖ్య. పైగా రెండును ఒకే ఏరియలును పంచుకొనుచున్నవి. ఉరుము ప్రక్కన నిలిచి చీమ నడకను విన ప్రయత్నించుట యన్నమాట.

ఈ కష్టమును తీర్చునది ‘డ్యూప్లెక్సరు’. ఇది లోహపు గొట్టముల సముదాయము. ప్రతి గొట్టము నడుమ తరంగదైర్ఘ్యములో నాలుగవ వంతు, అనగా సుమారు అర మీటరు పొడవుగల కడ్డీ యుండును. శ్రుతిచేసిన వీణతీగ తన స్వరమునకే స్పందించినట్లు, ఈ గొట్టము తన పౌనఃపున్యమును మాత్రమే తేలికగా పోనిచ్చి, వేరొకదానిని ఆపును. మంచి డ్యూప్లెక్సరు ప్రేషకమునుండి గ్రాహకమునకు వచ్చు శక్తిని పదికోట్లవ వంతునకు తగ్గించును. మిగిలిన పని గ్రాహకములోని వడపోతలు చేయును.

వీణకు వలెనే దీనికిని శ్రుతి తప్పు భయము గలదు. లోహములు వేడికి వ్యాకోచించునుగదా! రాగి ఒక డిగ్రీ సెంటిగ్రేడునకు పది లక్షల భాగములలో 17 భాగములు పెరుగును. వేసవి పగటికిని చలికాలపు రాత్రికిని 30 డిగ్రీల భేద మున్నదనుకొందము. రాగికడ్డీ గల గొట్టముయొక్క శ్రుతి సుమారు 74 కిలోహెర్ట్జులు జారును. 600 కిలోహెర్ట్జుల ఎడములో ఇది చిన్న జారుడు కాదు. అందుచే కడ్డీని ‘ఇన్వార్’ అను ఇనుము-నికెలు మిశ్రలోహముతో చేయుదురు. దీనిలో నికెలు 36 శాతము. దీని వ్యాకోచము రాగికంటె పదింతలకు పైగా తక్కువ. కాన జారుడు 5 కిలోహెర్ట్జులకు తగ్గును. ఇన్వారును 1896లో కనుగొన్న చార్లెస్ ఎడ్వర్డ్ గియోమ్ 1920లో భౌతికశాస్త్రమున నోబెలు బహుమానము పొందెను.

డ్యూప్లెక్సరు శ్రుతి తప్పినచో విచిత్రమైన జబ్బు కనిపించును. దూరపు రేడియోనుండి బలహీనమైన సంకేతము రాగానే ప్రేషకము మేల్కొనును. దాని హోరులో గ్రాహకమునకు చెవుడు వచ్చును. సంకేతము వినబడక ప్రేషకము ఆగును. ఆగగానే చెవుడు పోయి సంకేతము మరల వినబడును. ఇట్లు మాట నత్తినత్తిగా తెగిపోవుచుండును. తెలియనివారు ప్రేషక శక్తిని పెంచుదమందురు. అది జబ్బును మరింత ముదర్చును. వాగుటకు పెద్ద నోరుండి వినుటకు చెవులు లేని రిపీటరువలన ప్రయోజనము లేదు.

వాన, తుప్పు, పిడుగు

కొండమీది గదిలో యంత్రము భద్రముగనే యుండును. దాని కష్టములన్నియు బయట స్తంభముపై నుండును. ఏరియలునకు పోవు కేబిలు అతుకులో సన్నని సందు చాలును, వాననీరు దిగును. తడిసిన కేబిలులో శక్తి వేడిగా మారి వ్యర్థమగును. దీనిని పట్టుకొనుటకు సంఘసభ్యులు ఏరియలునుండి తిరిగివచ్చు శక్తిని కొలుతురు. తిరుగుశక్తి తక్కువైనచో ఏరియలు బాగున్నదని సాధారణముగా భావింతురు.

ఇచ్చట ఒక మోసము గలదు. నీరుదిగిన కేబిలు సగము శక్తిని మ్రింగుచున్నదనుకొనుడు. గదినుండి పంపిన 25 వాట్లలో పైకి చేరునది 12.5 వాట్లు. ఏరియలు పూర్తిగా తెగిపోయి ఆ శక్తియంతయు వెనుకకు మరలినను, దారిలో మరల సగము పోయి, గదిలోని మీటరు 6.25 వాట్లు మాత్రమే చూపును. కేబిలు ఎంత చెడినచో మీటరు అంత మంచి వార్త చెప్పును! కావున గదిలోనే కాక, స్తంభమెక్కి పై కొననుకూడ కొలువవలెను. నిరుటి కొలతలతో పోల్చిచూడవలెను. ఇందులకే శ్రద్ధగల సంఘములో యంత్రముతో సమానముగా ఒక దినచర్య పుస్తకముండును: తేది, వాతావరణము, పంపిన శక్తి, తిరిగివచ్చిన శక్తి, బ్యాటరీ వోల్టేజి, చేసిన మరమ్మతు, చేసినవారి పేరు.

సముద్రతీర ప్రాంతములలో తుప్పు మరియొక శత్రువు. తుప్పుపట్టిన అతుకు విద్యుత్తును ఒక వైపునకు సులభముగా, రెండవ వైపునకు కష్టముగా పోనిచ్చును. అది రెండు ప్రసారములను కలగలిపి క్రొత్త పౌనఃపున్యములను పుట్టించును. అవి గ్రాహకములో రొదగా వినవచ్చును. ఇక పిడుగు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. స్తంభము, కేబిలు, యంత్రము అన్నియు ఒకే మంచి భూసంధానమునకు కలుపబడియుండవలెను.

మాటల పొదుపు

రిపీటరు వినుచు ఊరకున్నపుడు అర ఆంపియరు, ప్రసారము చేయునపుడు 6 ఆంపియర్లు తీసికొనునని అనుకొందము. 100 ఆంపియరు-గంటల బ్యాటరీ లెక్కప్రకారము ఊరకున్నచో 200 గంటలు నిలుచును. ఎడతెగక మాటాడినచో 17 గంటలైన నిలువదు. సీసపు బ్యాటరీని సగముకంటె ఎక్కువ ఖాళీచేసిన దాని ఆయువు తగ్గును గనుక, ఈ గంటలను మరల సగము చేసికొనవలెను. కరెంటు పోయిన తుఫాను రాత్రి ఒకడు నిమిషములో చెప్పదగిన మాటను పది నిమిషములు చెప్పినచో, తరువాతి వానికి చెప్పుటకు బ్యాటరీలో శక్తి మిగులదు. క్లుప్తముగా మాటాడుట రేడియోలో మర్యాద మాత్రమే కాదు, విద్యుత్తు పొదుపుకూడ.

అందుచే రిపీటరులో ఒక గడియార ముండును. ఎవరైనను నిర్ణీతకాలము, తరచు 3 నిమిషములు, మించి మాటాడినచో అది ప్రసారమును ఆపును. ఒకనాడు ఒక రేడియో మీట అణగి ఇరుక్కుపోయినను రిపీటరు రాత్రియెల్ల మ్రోగక ఈ గడియారము కాపాడును. యంత్రమునకు బాధ్యుడైన లైసెన్సుదారుడు దూరమునుండియే దానిని ఆపగలిగియుండవలెను.

ప్రతిరోజు జరుగు పరీక్ష

సంఘములు నియమిత సమయమున ‘నెట్’ అను సమావేశమును రేడియోలోనే జరుపుదురు. ఒక సభ్యుడు నిర్వాహకుడుగా నుండి హాజరు పిలుచును. ఒక్కొక్కరు తమ పిలుపుగుర్తు చెప్పి, తాము ఎట్లు వినుచున్నారో తెలుపుదురు. చూచువారికి ఇది కాలక్షేపముగా తోచవచ్చును. నిజమునకు ఇది రిపీటరుకు నాడిపరీక్ష. నిన్నటివరకు స్పష్టముగా వినబడిన దూరగ్రామపు సభ్యుడు నేడు గరగరగా వినబడినచో, చెవుడెక్కడ మొదలైనదో వెదకుటకు అదియే సూచన. మీటరు మోసగించినను, నలుదిక్కుల నుండి వచ్చిన పదిమంది సాక్ష్యము సులభముగా మోసగింపదు.

మంచి సంఘము అప్పుడప్పుడు ప్రధాన విద్యుత్తును కావలెనని ఆపి, బ్యాటరీపైననే నెట్ జరుపును. మరియొకనాడు రిపీటరునే ఆపి, సభ్యులు ఒకరి మాట నొకరు చేతితో వ్రాసికొని, గ్రామమునుండి గ్రామమునకు అందించు అభ్యాసము చేయును. లేనిచో, ఇల్లు కాలుచుండగా నుయ్యి త్రవ్విన చందమగును.

ఈ అభ్యాసముల విలువను మన అనుభవము చెప్పుచున్నది. హైదరాబాదులో 1983లో స్థాపితమైన జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థకు చెందిన బృందము 2004 డిసెంబరులో శ్రీమతి భారతీ ప్రసాద్ నాయకత్వమున పోర్ట్‌బ్లెయిరులో నుండి దేశదేశముల ఔత్సాహికులతో మాటాడుచుండెను. డిసెంబరు 26న సునామీ వచ్చి దీవులకు బాహ్యప్రపంచముతో సంబంధములు తెగినపుడు, ఆ బృందము వెంటనే బాధితుల సమాచారమును ప్రధాన భూభాగమునకు చేరవేసెను. వేయి కిలోమీటర్లకు మించిన ఆ దూరమును కొండమీది రిపీటరు దాటలేదు. అయనావరణమునుండి పరావర్తనము చెందు పొడుగుపాటి తరంగములు అందులకు ఉపయోగపడినవి. పరికరము వేరైనను పాఠమొకటే: ఆపద వచ్చినపుడు పనికివచ్చినవారు అంతకుముందు దినమున సైతము సాధన చేయుచున్నవారే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్టణమును తాకినపుడు విద్యుత్తు, సెల్‌ఫోనులు స్తంభించుట తెలుగువారు కన్నులార చూచిరి.

ఎవరును ఎక్కలేని కొండ

2005 మే 5న శ్రీహరికోటనుండి ఎగిరిన పి.ఎస్.ఎల్.వి.-సి6 రాకెట్టు, కార్టోశాట్-1తోబాటు హామ్‌శాట్ అను 42.5 కిలోగ్రాముల ఉపగ్రహమును కక్ష్యలో నుంచెను. అది 435 మెగాహెర్ట్జుల ప్రాంతమున విని, 145 మెగాహెర్ట్జుల ప్రాంతమున మరల ప్రసారము చేయుచు, ప్రపంచ ఔత్సాహికులకు ఆకాశములోని రిపీటరువలె తొమ్మిది సంవత్సరములు ఉపకరించెను. 2014 జూలైలో దాని సేవ ముగిసెను. కారణము బ్యాటరీ చెడుట. అక్కడికి నిచ్చెన వేసికొని ఎక్కి బ్యాటరీ మార్చువారు లేరు.

మన కొండలకు దారులు గలవు. తాళపుచెవి ఎవరివద్ద నున్నదో, చివరిసారి బ్యాటరీని ఎవరు కొలిచిరో, స్తంభమెక్కుట వృద్ధులనుండి ఏ యువకుడు నేర్చుకొనుచున్నాడో తెలిసియున్నచో చాలును. ఉన్నత పాఠశాలలోని భౌతికశాస్త్రోపాధ్యాయుడు వర్గమూలమును, వ్యాకోచమును, ఓము నియమమును బోధించునపుడు రిపీటరును ఉదాహరణగా చూపవచ్చును. ఆ మూడును ఒకే యంత్రములో పనిచేయుచున్నవి. సమీపమున సంఘమున్నచో విద్యార్థులను ఒక సాయంకాలము నెట్ వినుటకు తీసికొనిపోవచ్చును. ఆ విద్యార్థులలో ఒకడు రేపు దినచర్య పుస్తకములో తన పేరు వ్రాయువాడైనచో, కొండమీది మూడవ మనిషి మరియొక తరమువరకు మాటాడుచునే యుండును.