పుస్తకానికి కావలసింది ఒక్క నోటిమాట

గ్రంథాలయంలో ఏ పుస్తకమైనా తీసి అట్ట తిప్పితే లోపల ఒక చీటీ అంటించి ఉంటుంది. పుస్తకం తిరిగి ఇవ్వవలసిన తేదీని ముద్ర వేసేది దానిమీదే. కొన్ని చీటీలు ముద్రలతో నిండిపోయి, పైన మరో చీటీ అంటించవలసి వస్తుంది. కొన్ని చీటీల మీద ఒక్క ముద్ర కూడా ఉండదు. ఆ పుస్తకం బీరువాలోకి వచ్చి ఏళ్లు గడిచినా ఎవరూ ఇంటికి తీసుకువెళ్లలేదన్నమాట.

ముద్ర పడనంత మాత్రాన అది పనికిరాని పుస్తకం కాదు. దాని సంగతి పదిమందికి చెప్పిన మనిషి లేడు, అంతే.

పల్లెల్లో ఏ వస్తువైనా నోటిమాట మీదనే నిలుస్తుంది. ఏ విత్తనం బాగా మొలిచిందో, ఏ వైద్యుని హస్తవాసి మంచిదో, ఏ సంతలో ఎడ్లు చవకో ఒకరు చెబితేనే మరొకరికి తెలుస్తుంది. పుస్తకం సంగతీ అంతే. చదివిన మనిషి చెప్పకపోతే చదవవలసిన మనిషికి దాని జాడ తెలియదు.

పడవెక్కిన పుస్తకాలు

ఈ సంగతిని మన పెద్దలు ఏనాడో గుర్తించారు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథ భాండాగార సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించారు. బీరువా కొని పుస్తకాలు సర్దినంత మాత్రాన పని అయిపోయిందని ఆనాటి కార్యకర్తలు అనుకోలేదు. పుస్తకాన్ని మనిషి దగ్గరకు మోసుకువెళ్లారు. చదువు రానివారికి చదివి వినిపించారు.

గుంటూరు జిల్లావాసులు చెప్పుకోదగ్గ విశేషం మరొకటి ఉంది. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవ గ్రంథాలయం నడిపించారు. కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామాల మధ్య ఆ పడవ తిరిగేది. ఆ రోజుల్లో డెల్టా పల్లెలకు కాలువలే రహదారులు. పడవ ప్రయాణం గంటల తరబడి సాగేది. ఆ తీరిక వేళలో ప్రయాణికుల చేతికి పుస్తకం అందేలా చేయడం పాతూరి వారి ఆలోచన. పుస్తకం కోసం మనిషి రాకపోతే పుస్తకమే మనిషి కోసం వెళ్లాలన్నది వారి పట్టుదల.

వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం కూడా ఇటువంటి పట్టుదలతోనే పెరిగింది. 1929లో గాంధీజీ అక్కడి భవనానికి శంకుస్థాపన చేశారు. నేతపనివారు ఎక్కువగా ఉండే ఊళ్లో వెలసిన ఆ గ్రంథాలయంలో పాత పత్రికలను వెతుక్కుంటూ దూరప్రాంతాల నుంచి పరిశోధకులు వస్తుంటారు.

గ్రంథాలయ శాస్త్రానికి అయిదు సూత్రాలు చెప్పిన రంగనాథన్ మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా పనిచేశారు. ఆయన గ్రంథం 1931లో వెలువడింది. ప్రతి పాఠకునికీ తనకు తగిన పుస్తకం దొరకాలనడమే గాక, ప్రతి పుస్తకానికీ తనను చదివే పాఠకుడు దొరకాలని కూడా ఆయన చెప్పారు. మొదటిది గ్రంథాలయం చేయవలసిన పని. రెండవ దానిలో తోటి పాఠకులకూ సగం వాటా ఉంది.

చేతులు మారిన సీరియళ్లు

ఒకప్పుడు ఆ వాటాను పల్లెలు బాగానే మోశాయి. 1960, 70 దశకాలలో వారపత్రిక ఒక ఇంటికి వస్తే వీధి అంతా చదివేది. సీరియల్ పేజీలను జాగ్రత్తగా విడదీసి, వరుసగా పేర్చి, దారంతో కుట్టి, అట్ట వేసి దాచుకొనేవారు. "వదినా, ఇది చదివావా? ఇవాళ రాత్రికి చదివి పొద్దున్నే ఇచ్చెయ్యి, ఎదురింటి పిన్ని అడిగింది" అన్న మాటలు ప్రతి వీధిలోనూ వినిపించేవి. అద్దె పుస్తకాల దుకాణం ఉన్న ఊళ్లో దుకాణదారే పెద్ద సలహాదారు. ఎవరికి ఏ నవల నచ్చుతుందో ముఖం చూసి చెప్పేవాడు.

ఇప్పుడు ఆ దుకాణాలు దాదాపు కనిపించవు. సాయంత్రాలు టెలివిజన్‌కూ, చేతిలోని ఫోనుకూ పోయాయి. చదివేవారు లేరా అంటే ఉన్నారు. పోటీ పరీక్షలకు చదివే యువకులు, దినపత్రికల కోసం వచ్చే వృద్ధులు గ్రంథాలయం మెట్లు ఎక్కుతూనే ఉన్నారు. కాని ఒకరి పక్కన ఒకరు కూర్చొని చదివి, మాట్లాడుకోకుండానే లేచిపోతున్నారు. ఒకే ఊళ్లో ఒకే పుస్తకాన్ని ఇష్టపడిన ఇద్దరు ఒకరినొకరు ఎరగకుండా ఉండిపోతున్నారు.

సొమ్ము గ్రామస్థులదే

గ్రంథాలయం ప్రభుత్వం దయతో నడుస్తున్నదని చాలామంది అనుకొంటారు. అది పూర్తిగా నిజం కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడా వసూలవుతుంది. ఇది రూపాయికి ఎనిమిది పైసలు. ఇంటిపన్ను 500 రూపాయలు కట్టే కుటుంబం అదనంగా 40 రూపాయలు గ్రంథాలయానికి కడుతున్నట్టే. జీవితంలో ఒక్కసారి కూడా గ్రంథాలయం గడప తొక్కని రైతు, కూలీ కూడా ఈ పన్ను కడుతున్నారు.

వసూలైన ఈ సొమ్మును జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయడంలో స్థానిక సంస్థలు జాప్యం చేస్తున్నాయన్న ఫిర్యాదు తరచు వినిపిస్తూనే ఉంది. దానిని అధికారులు సరిచేయవలసిందే. అయితే ఉన్న పుస్తకాలు కదలకుండా పడి ఉంటే కొత్త పుస్తకాలు అడిగే నోరు కూడా ఉండదు. చీటీల మీద ముద్రలు పడితేనే గ్రంథాలయం అవసరం ఊళ్లో ఉన్నదని పైవారికి లెక్క చూపవచ్చు. కావలసిన పుస్తకం బీరువాలో లేకపోతే దాని పేరు, రచయిత పేరు కాగితం మీద రాసి గ్రంథాలయాధికారికి ఇవ్వాలి. ఒకరు అడిగితే కోరిక, పదిమంది అడిగితే అవసరం.

చెప్పడంలో ఉంది కిటుకు

"మంచి పుస్తకం, చదువు" అంటే ఎవరూ చదవరు. ఎవరికి చెబుతున్నామో చూసి చెప్పాలి. ఉదాహరణకు ఉన్నవ లక్ష్మీనారాయణ రాసిన 'మాలపల్లి'ని తీసుకుందాం. అది గొప్ప నవల అని చెబితే కుర్రవాడు తల ఊపి వెళ్లిపోతాడు. అదే, "వందేళ్లనాడు మన పొలాల్లో కూలి దగ్గర వచ్చిన తగవు ఇందులో ఉందిరా అబ్బాయ్. రాసినాయన జైల్లో కూర్చొని రాశాడు. తెల్లదొరల ప్రభుత్వం దీన్ని నిషేధించింది" అంటే చెయ్యి దానంతట అదే ముందుకు వస్తుంది.

చెప్పవలసిన ఇబ్బంది ఏదైనా ఉంటే ముందే చెప్పడం మేలు. పుస్తకం పెద్దదా, మొదట్లో నెమ్మదిగా నడుస్తుందా, భాష పాతదా అన్నది తెలిస్తే చదివేవాడు నడిమధ్యలో వదిలిపెట్టడు. కథ ముగింపు మాత్రం చెప్పకూడదు. ఒకేసారి పది పేర్లు చెబితే ఒక్కటీ గుర్తుండదు. ఒక్కటే చెప్పాలి. వారం తరువాత "ఎంతవరకు వచ్చింది?" అని అడగాలి. నచ్చలేదంటే చిన్నబుచ్చుకోరాదు. ఆ మనిషికి తగిన పుస్తకం వేరే ఉందని తెలుసుకోవాలి.

మెచ్చుకోలు మాటలను పుస్తకం మార్జిన్లలో రాసే అలవాటు కొందరికి ఉంది. అది మానుకోవాలి. విడి కాగితం మీద రెండు వాక్యాలు రాసి లోపల పెడితే తరువాత తీసినవారికి కనిపిస్తుంది, పుస్తకమూ పాడుకాదు. కళ్లు కనిపించని పెద్దలకు, చదువు రానివారికి రోజూ నాలుగు పేజీలు చదివి వినిపించే పిల్లలుంటే వారికన్నా గొప్ప సలహాదారులు ఉండరు.

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, వక్తృత్వ పోటీలు, బహుమతి ప్రదానం మామూలే. వాటితోపాటు ఒక సాయంత్రం పాఠకులకు ఇవ్వవచ్చు. ఒక్కొక్కరు లేచి తాము చదివిన ఒక్క పుస్తకం గురించి అయిదు నిమిషాలు చెప్పి, ఆ పుస్తకాన్ని బల్లమీద పెట్టాలి. నచ్చినవారు అక్కడికక్కడే తీసుకువెళ్లాలి. ఖర్చు లేదు, వేదిక అక్కరలేదు, పెద్దమనుషుల కోసం ఎదురుచూపులూ ఉండవు.

ఆనాటి పడవ ఇప్పుడు కాలువలో లేదు. అది చేసిన పనిని ఏ ఊళ్లోనైనా పదిమంది పాఠకులు చేయగలరు. ముద్ర పడని చీటీ ఉన్న పుస్తకం ఒకటి ఇవాళే తీసి చదివి, రేపు పక్కింటివారికి చెబితే చాలు. రెండవ ముద్ర పడుతుంది.