పలచటి రేకు కోసం నిప్పు నేర్చిన నిదానం

ఎదుర్లంక వంతెన లేని రోజుల్లో యానాం నుంచి మురమళ్ళకు కారు రావాలంటే గౌతమిని పంటు మీద దాటాల్సిందే. వీరేశ్వరస్వామి కల్యాణం చేయించుకోవడానికి వచ్చే కుటుంబాలను ఎక్కించుకుని ఎన్ని అంబాసిడర్లు అలా దాటాయో! ఇంజన్లు ఎంత తిరిగినా ఓర్చుకున్నాయి కానీ రేకులు ఓర్చుకోలేదు. సముద్రపు గాలి, ఉప్పునీళ్ల రొయ్యల చెరువులు, ఆపైన కోనసీమ వానలు. ఇక్కడ పాత కారుకు చేటు తలుపుల కింద మొదలవుతుంది. పైన పెయింటు నిగనిగలాడుతూనే ఉంటుంది, స్క్రూడ్రైవరుతో పొడిస్తే సగందాకా దిగిపోతుంది.

అంబాసిడర్‌కు లారీకున్నట్టు విడిగా చాసిస్ ఉండదు. ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ బాడీయే దానిదీ. అడుగు రేకు, తలుపుల కింద పెట్టెలా మూసిన దూలాలు, స్తంభాలు, పైకప్పు అన్నీ కలిసి బరువు మోస్తాయి. కాబట్టి ఆ దూలం తుప్పు పట్టిందంటే పోయింది అందం కాదు, బలం. దాని మీద పుట్టీ పెట్టి రంగు కొట్టడం ఆ కారెక్కేవాళ్ల ప్రాణాలతో ఆడుకోవడమే. తుప్పు తిన్నంత మేరా కోసేసి మంచి రేకు అతకాలి. ఉత్తరపారా ఫ్యాక్టరీలో తయారీ 2014 మేలో ఆగిపోయింది కాబట్టి, ఆ ముక్కను కొలిచి, కత్తిరించి, వంచుకోవడం కూడా చాలాసార్లు మన పనే.

కష్టమంతా అతకడంలో ఉంది. కారు రేకు మందం సుమారు ఒక మిల్లీమీటరు. ఉక్కు 1,500 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. కరెంటు ఆర్క్ వేడి దానికి ఎన్నో రెట్లు. 1881లో నికొలాయ్ బెనార్డోస్ బొగ్గు కడ్డీతో ఆర్క్ వెలిగించి లోహాన్ని అతికాడు. 1888లో స్లావ్యానోవ్ బొగ్గు బదులు లోహపు కడ్డీనే కరిగించాడు. తర్వాత స్వీడన్‌లో ఆస్కార్ షెల్‌బెర్గ్ ఆ కడ్డీకి మందు పూత పూశాడు. గేట్లు, గ్రిల్లులు చేసే షాపుల్లో ఈనాటికీ చిటపటలాడేది ఆ వంశమే. మందపాటి ఇనుముకు దానికి సాటి లేదు. కారు రేకు మీద పెడితే మాత్రం, కొత్తవాడు రాడ్డు ఎత్తేలోపు చిల్లు పడుతుంది.

అందుకే మన దగ్గర టింకరింగ్ మేస్త్రీలు చాలాకాలం గ్యాస్‌నే నమ్ముకున్నారు. 1892లో అమెరికాలో థామస్ విల్సన్ అల్యూమినియం తీసే ప్రయత్నంలో సున్నాన్ని తారుతో కలిపి కొలిమిలో వేస్తే, అనుకోకుండా కాల్షియం కార్బైడ్ వచ్చింది. పండ్లు మగ్గబెట్టడానికి వాడకూడదని ప్రభుత్వం నిషేధించిన కార్బైడ్ అదే. నీళ్లు తగిలితే ఎసిటిలిన్ ఇస్తుంది. దాన్ని ఆక్సిజన్‌తో మండిస్తే 3,000 డిగ్రీలు దాటే మంట వస్తుందని లే షాటెలియే 1895లో చూపాడు. 1903లో ఫూషే, పికార్ దానికి పనికొచ్చే టార్చ్ తయారుచేశారు. చేయి తిరిగిన మేస్త్రీ గ్యాస్‌తో వేసిన అతుకు మెత్తగా ఉండి సుత్తికి లొంగుతుంది. పైకప్పు, బానెట్ లాంటి చోట్ల నేను ఇప్పటికీ దానికే ఓటేస్తాను. కానీ ఆ మంట వేడి చుట్టూ జానెడు మేర పాకుతుంది. వేడెక్కిన రేకు వ్యాకోచిద్దామంటే చుట్టూ ఉన్న చల్లటి రేకు కదలనివ్వదు. దాంతో అక్కడే నొక్కుకుని మందమవుతుంది. చల్లారేటప్పుడు అదే పక్క రేకును లాగి అలలు తేలుస్తుంది. ఈ లాగుడును అదుపు చేయడానికి ఏళ్ల అనుభవం కావాలి.

ఆ అనుభవంలో కొంత భాగాన్ని తన మీద వేసుకున్న యంత్రం మిగ్. 1948లో అమెరికాలోని బాటెల్ సంస్థలో, చుట్ట నుంచి ఆగకుండా వచ్చే తీగే కడ్డీ అయ్యేలా, చుట్టూ జడవాయువు కాపుండేలా దీన్ని రూపొందించారు. 1953 నాటికి ఖరీదైన ఆ వాయువు బదులు కార్బన్ డయాక్సైడ్ వాడడం సాధ్యమైంది, అందుకే మన షాపుల్లో దీన్ని సీఓటూ వెల్డింగ్ అంటారు. కారు రేకుకు అసలు మేలు చేసింది ఆ తర్వాతి మెట్టు, అంటే ఆర్క్ వెలుగుతూ ఆరుతూ ఉండే పద్ధతి. గన్ మీట నొక్కితే 0.8 మిల్లీమీటర్ల తీగ ముందుకొచ్చి రేకును తాకుతుంది. తాకగానే షార్టవుతుంది, కరెంటు ఎగబాకుతుంది, తీగ కొస కరిగి చుక్కగా తెగిపోతుంది. తెగిన సందులో ఆర్క్ వెలుగుతుంది, తీగ మళ్లీ వచ్చి తాకగానే ఆరుతుంది. సెకనుకు ఇది పదులసార్లు, ఒక్కోసారి వందకు పైగా జరుగుతుంది. ఆర్క్ ఆరిన ప్రతిసారీ రేకుకు కాస్త ఊపిరి దొరుకుతుంది. వోల్టేజీ, తీగ వేగం కుదిరితే నూనెలో వడియాలు వేగుతున్నట్టు ఒకే చప్పుడు వస్తుంది. తీగ టపటపా గన్‌ను వెనక్కి నెడుతుంటే వేగం ఎక్కువైందన్నమాట. నేర్చుకునేవాళ్లకు కళ్లకంటే ముందు చెవులే గురువులు.

మొదట కారు జోలికి పోకూడదు. అదే మందం ఉన్న తుక్కు రేకులు రెండు తీసుకుని, తళతళలాడేదాకా గీకి, అతికి, వైస్‌లో బిగించి చీల్చాలి. అతుకు పక్కన రేకు చినిగితే మంచి అతుకు, అతుకే ఊడిపోతే వేడి చాలలేదు. కారు మీద ఏకధాటిగా గీత లాగొద్దు. అంగుళానికొక చుక్క పెట్టి, ఈ కొసన ఒకటి, ఆ కొసన ఒకటి వేస్తూ, ముట్టుకుంటే చేయి కాలనంత చల్లారాకే మధ్య ఖాళీలు నింపాలి. దూలం కోసేముందు తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుప బద్దలు బిగించాలి, లేకపోతే బాడీ కుంగి తలుపు మళ్లీ మూసుకోదు. బ్యాటరీ, పెట్రోలు ట్యాంకు, సీట్లు ముందే తీసేయాలి. జింకు రేకు అయితే పూత గీకేయాలి, ఆ పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది.

2021లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని వాహనాలను వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు. దాంతో తుప్పు తిన్నంత మేరే కోసి, అదే వంపుతో అతికే పనికి ఇప్పుడు ఇంకా విలువ పెరిగింది.

అతుకు నున్నగా గ్రైండ్ చేశాక చాలామంది పని అయిపోయిందనుకుంటారు. కానీ దూలం లోపల వేడికి పాత రంగు కాలిపోయి పచ్చి ఇనుము బయటపడి ఉంటుంది, మన ఉప్పుగాలికి అది ఒక్క వర్షాకాలం కూడా ఆగదు. లోపలికి సన్నటి గొట్టంతో మైనపు ద్రావణం పిచికారీ చేసి, అడుగున నీళ్లు కారే చిల్లులు మూసుకుపోలేదని చూసుకున్నాకే రంగు డబ్బా తెరవాలి.