బోర్డరే లేని దేశానికి కరెంటు అమ్ముతున్న నేపాల్.. స్విచ్ మాత్రం మన చేతిలో!

ఒకసారి మ్యాప్ గుర్తు తెచ్చుకోండి. నేపాల్‌కీ బంగ్లాదేశ్‌కీ మధ్యలో మన సిలిగురి కారిడార్ ఉంది, అదే చికెన్ నెక్ అంటాం కదా. సన్నగా ఉన్న చోట ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, అంతే. కానీ ఆ కాస్త దూరం వల్ల రెండు దేశాలకీ బోర్డర్ లేదు. అయినా నేపాల్ బంగ్లాదేశ్‌కి కరెంటు అమ్ముతోంది. ఎలా?

2024 అక్టోబర్ 3న మూడు దేశాల కరెంటు సంస్థలు ఖాట్మండులో సంతకాలు పెట్టాయి. ఐదేళ్ల ఒప్పందం. 40 మెగావాట్లు, యూనిట్‌కి 6.4 అమెరికన్ సెంట్లు. నేపాల్‌లోని ధల్కేబార్ నుంచి బీహార్‌లోని ముజఫర్‌పూర్‌కి వచ్చి మన గ్రిడ్‌లో కలుస్తుంది, బెంగాల్ వైపు నుంచి బంగ్లాదేశ్‌లోని భేరామారాకి వెళ్తుంది. లెక్క చూసే మీటర్ కూడా ముజఫర్‌పూర్‌లోనే. మన లైన్ వాడుకున్నందుకు ఛార్జీలు, మధ్యలో ఉన్న మన సంస్థకి మార్జిన్ వేరే.

ఇంకో విషయం గమనించండి. ఈ అమ్మకం జూన్ 15 నుంచి నవంబర్ 15 వరకే. ఎందుకంటే నేపాల్ ప్లాంట్లలో ఎక్కువ శాతం నది పారుతుంటే తిరిగేవే, వెనకాల పెద్ద రిజర్వాయర్ ఉండదు. వానాకాలంలో కరెంటు ఎక్కువైపోతుంది. దాచుకునే వీల్లేదు, అమ్మాలి లేదా నీళ్లు ఊరికే వదిలేయాలి. చలికాలం వచ్చేసరికి ఉత్పత్తి దాదాపు మూడో వంతుకి పడిపోతుంది. అప్పుడు అదే లైన్‌లో కరెంటు మన వైపు నుంచి అటు వెళ్తుంది. మన గ్రిడ్‌లో ఎక్కువ భాగం బొగ్గు కరెంటే కదా. అంటే ఖాట్మండులో జనవరి రాత్రి ఛార్జింగ్ పెట్టిన ఈవీలో మన బొగ్గు కూడా కొంత ఉంటుందన్నమాట!

ఈవీ అంటే గుర్తొచ్చింది. 2015లో బోర్డర్ దగ్గర సరుకు ఆగిపోయి నేపాల్ జనం నెలల తరబడి పెట్రోల్, గ్యాస్ లేక అల్లాడిపోయారు. ఇప్పుడు అక్కడికి దిగుమతి అయ్యే కొత్త ప్యాసింజర్ కార్లలో పదికి ఏడు వరకు ఎలక్ట్రిక్‌వే, వాటిలో చాలావరకు చైనావి. పన్ను తక్కువ, కరెంటు సొంతది. ఆ దెబ్బ తిన్నవాళ్లకి ఇది ఎందుకు నచ్చిందో వేరే చెప్పాలా?

ఒకప్పుడు రోజుకి 16 గంటలు కరెంటు కోత పడిన దేశం అండి ఇది. 2016లో ఈ ధల్కేబార్ లైన్ మొదలైంది కూడా మన దగ్గర 80 మెగావాట్లు కొనుక్కోవడానికే. 2021లో 456 మెగావాట్ల అప్పర్ తమాకోశి వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో మన ఎక్స్ఛేంజ్‌లో అమ్ముకోవడానికి పర్మిషన్ దొరికింది, మొదట 39 మెగావాట్లకే. 2023-24కి వచ్చేసరికి కొన్నదానికంటే అమ్మిందే ఎక్కువ. 2024 జనవరిలో, పదేళ్లలో 10,000 మెగావాట్లు కొంటామని భారత్ ఒప్పందం చేసుకుంది.

సో అంతా బాగానే ఉంది కదా? ఇక్కడే మెలిక. చైనా పెట్టుబడి గానీ చైనా కాంట్రాక్టర్ గానీ ఉన్న ప్లాంట్ కరెంటు మనం కొనం. పెట్టుబడి విషయంలో మన భయం నాకు అర్థమవుతుంది. కానీ కాంట్రాక్టర్ డ్యామ్ కట్టేసి వెళ్లిపోయాక కూడా ఆ కరెంటు వద్దనడం కాస్త ఎక్కువే అనిపిస్తుంది. నేపాల్‌లో చాలా ప్లాంట్లు కట్టింది వాళ్లే మరి. సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి దాన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం: కొనేదీ మనమే, దారీ మనదే, రూల్ కూడా మనదే.

దీని దెబ్బ చైనాతో సంబంధం లేనివాళ్లకీ తగులుతుంది. మన రాజాం నుంచి ఎదిగిన జీఎంఆర్ తెలుసు కదా. 900 మెగావాట్ల అప్పర్ కర్నాలి ప్రాజెక్టు 2008లో వాళ్లకి దక్కింది, 2014లో పూర్తి ఒప్పందం అయింది. కరెంటు ఎవరు కొంటారో కాగితం మీద తేలితేనే బ్యాంకులు అప్పిస్తాయి. అందుకే 500 మెగావాట్లు బంగ్లాదేశ్‌కి అమ్మాలని ఏళ్ల తరబడి మాట్లాడుకున్నారు. అమ్మాలంటే మళ్లీ మన గ్రిడ్ మీదుగానే వెళ్లాలి. ఒప్పందం జరిగి పదేళ్లు దాటినా కర్నాలిలో ఆ ప్రాజెక్టు నుంచి ఒక్క యూనిట్ రాలేదు.