ఆట మొదలు కాకముందే గెలిచేసేవాళ్ళు: పాత పూల్ ఉస్తాదుల కథ

ఉదయగిరి/ఆత్మకూరు: సాయంత్రం పని ముగిశాక క్యారమ్ బోర్డు చుట్టూ నలుగురు చేరడం నెల్లూరు జిల్లా పడమటి ఊళ్ళకు కొత్త కాదు. కాసేపు సరదాగా ఆడతారు. తర్వాత ఎవరో ఒకరు అంటారు, "ఊరికే ఆడితే మజా ఏముంది భాయ్, ఏదో ఒకటి పెట్టు." పందెం టీతో మొదలై వందకు, ఐదు వందలకు పోతుంది.

ఈ మాట మీదే ఒకప్పుడు అమెరికాలో ఒక బతుకుదెరువు నడిచింది. అది క్యారమ్స్ మీద కాదు, పూల్ టేబుల్ మీద. ఆ ఆటగాళ్ళను 'హస్లర్లు' అనేవాళ్ళు. ఊరూరా తిరిగి ఆడేవాళ్ళకు 'రోడ్ ప్లేయర్లు' అని పేరు. ఇప్పుడు ఆ తరం దాదాపు పోయింది. వాళ్ళ పద్ధతి మాత్రం పోలేదు, టేబుల్ మీద నుంచి మన ఫోన్లలోకి వచ్చేసింది. అందుకే వాళ్ళ కథ ఇక్కడి కుర్రాళ్ళు కూడా తెలుసుకోవాల్సిందే.

చేతి పని కన్నా నోటి పని ఎక్కువ

హస్లర్ అంటే బాగా ఆడేవాడు అని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. బాగా ఆడేవాడు పోటీల్లో కప్పు గెలుస్తాడు. హస్లర్ చేసేది వేరు. తనకు ఎంత ఆట వచ్చో ఎదుటివాడికి తెలియకుండా దాస్తాడు.

రోడ్ ప్లేయర్ కొత్త ఊరికి వచ్చేటప్పుడు ఖరీదైన సొంత కర్ర తెచ్చుకునేవాడు కాదు. తెచ్చుకున్నా బయటికి తీసేవాడు కాదు. హాల్లో గోడకు ఆనించి ఉన్న కర్రతోనే ఆడేవాడు. పనికి పోయి వచ్చినవాడిలా బట్టలు వేసుకునేవాడు. మొదటి రెండు మూడు ఆటలు చిన్న పందానికి ఆడి ఓడిపోయేవాడు. గెలిచినా అదృష్టం కొద్దీ గెలిచినట్టు నటించేవాడు. ఎదుటివాడికి ధైర్యం వచ్చి పందెం పెంచాక అసలు ఆట బయటికి తీసేవాడు. అప్పుడు కూడా పూర్తిగా కాదు. పది ఆటలకు ఆరు గెలిస్తే చాలు, పదీ గెలిస్తే రేపు ఆడేదానికి ఎవరూ రారు.

రెండో విద్య తూకం. బలమైనవాడు బలహీనుడికి ముందే కొంత వదిలిపెట్టడాన్ని పూల్ భాషలో 'స్పాట్' అంటారు. మన క్యారమ్స్ లెక్కలో చెప్పాలంటే, 25 పాయింట్ల గేములో "నీకు 10 పాయింట్లు ముందే ఇస్తా, రా" అన్నట్టు. పూల్‌లో 'నైన్ బాల్' అనే ఆట ఉంది. బల్ల మీద మిగిలినవాటిలో అన్నిటికన్నా చిన్న నంబరు బంతిని ముందు తగలాలి, 9వ బంతిని జేబులో వేసినవాడు గెలుస్తాడు. స్పాట్ ఇస్తే బలహీనుడికి 8వ బంతి వేసినా గెలుపే. వినేవాడికి ఇది పెద్ద దయలా కనిపిస్తుంది. కానీ ఆ తూకం ఎంత ఉండాలో బేరం చేసేది హస్లరే. ఎదుటివాడి బలం వాడికి తెలుసు, వాడి బలం ఎదుటివాడికి తెలియదు. బేరం కుదిరిన నిమిషానికే ఆట సగం అయిపోయినట్టు.

మూడోది ఓపిక. ఇద్దరు ఆటగాళ్ళలో ఒకడు ప్రతి ఆటలోనూ 55 శాతం గెలిచే బలం ఉన్నవాడు అనుకుందాం. ఒక్క ఆటే ఆడితే వాడు గెలిచే అవకాశం 55 శాతమే. ముందుగా 9 ఆటలు గెలిచినవాడిదే పందెం అంటే అది సుమారు 66 శాతానికి చేరుతుంది. ముందుగా 100 గెలిచినవాడిదే అంటే సుమారు 92 శాతం. అంటే చిన్న తేడా కూడా పొడుగు ఆటలో పెద్ద తేడా అయిపోతుంది. రోడ్ ప్లేయర్లు ఈ లెక్క కాగితం మీద వేసి ఉండకపోవచ్చు, తెల్లవార్లూ ఆడితే ఏమవుతుందో మాత్రం వాళ్ళకు తెలుసు.

డబ్బు పెట్టేవాడు వేరే

చాలామంది రోడ్ ప్లేయర్ల జేబులో సొంత డబ్బు ఉండేది కాదు. వెనక ఒక పెట్టుబడిదారు ఉండేవాడు. గెలిస్తే లాభంలో ఇద్దరికీ వాటా, ఓడితే నష్టం పెట్టుబడిదారుదే. బేరాలు కూడా చాలాసార్లు ఆయనే మాట్లాడేవాడు. ఈ ఏర్పాటులో మోసం రెండు వైపులా జరిగేది. ఆటగాడు ఎదుటివాడితో కుమ్మక్కై కావాలని ఓడిపోయి, ఆ డబ్బు ఇద్దరూ పంచుకున్న సంగతులు పూల్ లోకంలో బాగా తెలిసినవే. ఊరినంతా మోసం చేసేవాడిని నమ్మి డబ్బు పెట్టినాయన చివరికి వాడి చేతిలోనే మోసపోయేవాడు.

జీతాలు పడే చోటుకే ఈ గుంపులు చేరేవి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో వర్జీనియా రాష్ట్రంలోని నార్ఫోక్ నౌకాదళ పట్నం అలాంటి చోటు. నావికుల చేతుల్లో జీతం డబ్బు ఉండేది, ఖర్చు చేసే దారులు తక్కువ. తర్వాతి కాలంలో ప్రపంచ ఛాంపియన్ అయిన లూథర్ లాసిటర్ లాంటివాళ్ళు అక్కడ బాగా సంపాదించారు.

సినిమా తెచ్చిన పేరు

వాల్టర్ టెవిస్ 1959లో రాసిన 'ది హస్లర్' నవల 1961లో సినిమాగా వచ్చింది. పాల్ న్యూమన్ హీరో. అందులో 'మిన్నెసోటా ఫ్యాట్స్' అనే పాత్రను జాకీ గ్లీసన్ వేశాడు. సినిమా ఆడగానే రుడాల్ఫ్ వాండరోన్ అనే నిజమైన హస్లర్ "ఆ పాత్ర నేనే" అని ప్రకటించుకున్నాడు. అంతకుముందు ఆయనను న్యూయార్క్ ఫ్యాట్స్ అనేవాళ్ళు. పాత్ర తన ఊహేనని రచయిత ఎంత చెప్పినా లాభం లేకపోయింది. వాండరోన్ బతికినంత కాలం మిన్నెసోటా ఫ్యాట్స్‌గానే చలామణి అయ్యాడు.

అదే 1961లో ఇల్లినాయిస్ రాష్ట్రంలోని జాన్‌స్టన్ సిటీ అనే చిన్న ఊళ్ళో జాన్స్కో సోదరులు హస్లర్ల కోసమే పోటీ పెట్టారు. పేరుకు టోర్నమెంటు. అసలు పందాలు రాత్రి పూట, పోటీ బల్లల పక్కన. దేశం నలుమూలల నుంచి రోడ్ ప్లేయర్లు ఏటా అక్కడికి వచ్చేవాళ్ళు. 1972లో ఫెడరల్ అధికారులు దాడి చేయడంతో అది ముగిసింది.

ఛాంపియన్‌కూ హస్లర్‌కూ తేడా 1978 ఫిబ్రవరిలో అమెరికా జనం టీవీలో చూశారు. ఒక వైపు వాండరోన్, మరో వైపు 15 సార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన విల్లీ మోస్కోనీ. ఈ మోస్కోనీ 1954లో ఒక ప్రదర్శనలో ఆగకుండా వరసగా 526 బంతులు వేసిన మనిషి. మాటల్లో వాండరోన్ గెలిచాడు, ఆటలో మోస్కోనీ గెలిచాడు. బేరానికి, తూకానికి తావులేని చోట హస్లర్ సగం బలం పోయినట్టే.

అందరూ మోసం మీద ఇష్టంతోనే రోడ్డెక్కారు అనుకోవడం కూడా తప్పు. సిసెరో మర్ఫీ మంచి ఆటగాడు. కానీ నల్లజాతివాడు కావడంతో పెద్ద పోటీల తలుపులు చాలా ఏళ్ళు ఆయనకు మూసే ఉన్నాయి. 1965లో అవకాశం దొరికినప్పుడు ప్రపంచ టైటిలే గెలిచాడు. తలుపు మూస్తే ఉస్తాద్ కూడా పందెం బల్ల దగ్గరికే పోవాల్సి వస్తుందని ఆయన జీవితం చెబుతుంది.

ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన 'మోరాలెస్'

కువైట్, దుబాయ్ పోయి వచ్చిన మనవాళ్ళను అడిగితే ఫిలిప్పీన్స్ కుర్రాళ్ళకు పూల్ అంటే ఎంత పిచ్చో చెబుతారు. వాళ్ళ హీరో ఎఫ్రెన్ రేయెస్. 1954లో పుట్టాడు. మనీలాలో మేనమామ పూల్ హాల్లో పనిచేస్తూ, రాత్రి పూల్ బల్ల మీదే పడుకుంటూ పెరిగాడు. 1985లో అమెరికా వెళ్ళినప్పుడు సీజర్ మోరాలెస్ అనే పేరుతో ఆడాడు. అసలు పేరు చెబితే ఎవరూ ఎదురు ఆడరని భయం. హ్యూస్టన్‌లో ఒక పోటీ గెలిచేశాక గానీ అతనెవరో బయటపడలేదు. 1996లో హాంకాంగ్‌లో లక్ష డాలర్ల పోటీలో ఎర్ల్ స్ట్రిక్‌లాండ్ మీద 120-117తో గెలిచాడు. 1999లో వేల్స్ రాజధాని కార్డిఫ్‌లో ప్రపంచ టైటిల్ కూడా అందుకున్నాడు. పేరు దాచుకోవాల్సిన అవసరం అంతటితో తీరిపోయింది.

రోడ్ ప్లేయర్ల కాలం ముగిసింది కూడా ఈ కారణంతోనే. టీవీ వచ్చింది, తర్వాత ఇంటర్నెట్ వచ్చింది. ఏ ఊరి ఆటగాడి వీడియో అయినా నిమిషంలో దొరుకుతుంది. మొహం తెలిసిపోయాక బలం దాచేది ఎలా?

సికింద్రాబాద్ కేసు చెప్పింది ఏమిటి

పందెం ఆటలో నేర్పు ఎంత, అదృష్టం ఎంత అనే ప్రశ్న మీద దేశమంతా చెప్పుకునే తీర్పుల్లో ఒకటి మన తెలుగు నేల నుంచే వచ్చింది. 1963 మే నెలలో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసి, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారని కేసు పెట్టారు. కింది కోర్టు శిక్ష వేసింది, హైకోర్టు దాన్ని కొట్టేసింది, రాష్ట్ర ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. 1967 నవంబరులో వచ్చిన తీర్పు రాసింది జస్టిస్ హిదాయతుల్లా. మరుసటి ఏడాది ఆయనే దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, ఆ పదవిలోకి వచ్చిన మొదటి ముస్లిం ఆయన.

రమ్మీలో పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నేర్పు ఆట, మూడు ముక్కలాట లాంటిది కాదు అని తీర్పు చెప్పింది. ప్రభుత్వం అప్పీలు వీగిపోయింది. ఈ భాగం అందరికీ తెలుసు. రమ్మీ యాప్‌ల వాళ్ళు ఏళ్ళ తరబడి దీన్నే చూపించారు. అదే తీర్పులో మరో మాట కూడా ఉంది. ఇల్లు లేదా క్లబ్బు నడిపేవాడు ఆ పందెం ఆట మీద లాభం చేసుకుంటుంటే నేరం అవ్వొచ్చు అని. జనం దాటేసే మాట ఇదే.

ఫోన్‌లో కూర్చున్న హస్లర్

ఇప్పుడు పాత హస్లర్ పద్ధతి గుర్తు చేసుకోండి. మొదట కాస్త గెలవనివ్వడం, ధైర్యం వచ్చాక పందెం పెంచడం, ఎదుటివాడి బలం తెలియకుండా ఉంచడం. డబ్బు ఆటల యాప్‌లో చేరగానే ఇచ్చే బోనస్, తెర మీద కనిపించే ముక్కూ మొహం తెలియని పేరు వీటికి దూరం కాదు.

లెక్క కూడా చూడండి. సమానమైన ఇద్దరు ఆటకు చెరో 100 రూపాయలు పెట్టి 100 ఆటలు ఆడారు. ఆడించేవాడు ప్రతి ఆట మొత్తంలో 10 శాతం తీసుకుంటాడు అనుకుందాం. చెరో 50 గెలిచినా, 10,000 పెట్టిన ప్రతి ఒక్కరికీ తిరిగి వచ్చేది 9,000. ఇద్దరి దగ్గరా పోయిన 2,000 ఆడించినవాడి జేబులో ఉంటుంది. పాత హస్లర్‌కు కనీసం ఓడిపోయే భయం ఉండేది. ఇక్కడ ఆడించేవాడికి అదీ లేదు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌ను నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నేర్పు ఆటా, అదృష్టం ఆటా అనే తేడా లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడపకూడదు అంది. అయినా ఒక పేరు పోతే ఇంకో పేరుతో లింకు వాట్సాప్‌లో వస్తుంది.

జూదం హరాం అని ఇంట్లో పెద్దలు చెప్పే మాట తెలియనివాళ్ళు ఉండరు. ఈ లెక్కలు చెప్పేదీ అదే. అయినా ఎవరైనా "ఏదో ఒకటి పెట్టు భాయ్" అంటే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎదుటివాడి ఆట నాకు నిజంగా తెలుసా? ఈ తూకం, ఈ రూలు ఎవరు పెట్టారు? నేను ఓడినా వాడు ఓడినా డబ్బు వచ్చేవాడు మధ్యలో ఎవరైనా ఉన్నారా? మూడింట్లో ఒక్కదానికి జవాబు సరిగా రాకపోయినా స్ట్రైకర్ కింద పెట్టేసి, టీ డబ్బులు ఇచ్చేసి లేవడం మేలు.