చెన్నపురికి కృష్ణాజలము

హిమగిరుల చెంత నున్న కొన్ని నగరములకు మంచు కరగి నిండు సరస్సులే త్రాగునీటి భాండారములు. చెన్నపురికి వానయే ఆధారము. 1772 నాటి ఏడుబావులు చాలక, 1872లో రెడ్‌హిల్సు చెరువు నీటిని నగరమునకు దెచ్చిరి. వానలు తప్పిన నాడు ఆ చెరువును ఎండుచుండెను.

1983లో కుదిరిన తెలుగుగంగ ఒప్పందము ప్రకారము మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు తలకు 5 టి.యం.సి.ల కృష్ణాజలమును విడువవలెను. దారిలో ఆవిరియై, ఇంకిపోయినది పోగా 12 టి.యం.సి.లు మనకు చేరవలెను. శ్రీశైలమునుండి వెలుగోడు, సోమశిల, కండలేరు జలాశయముల మీదుగా 1996లో ఆ నీరు పూండి చేరినది.

ఆ కాలువయే రాయలసీమ, నెల్లూరు పొలములకును ప్రాణము. కృష్ణయు వాననీటి నదియే యగుటచే, పెక్కేండ్లు మన వంతు పూర్తిగా రాలేదు. 2010లో మీంజూరునందు సముద్రజలమును మంచినీరుగా మార్చు కర్మాగారము వెలసినను, దాని వ్యయ మధికము. కావున తొండియార్‌పేట వాసులమైన మనము కుళాయి నీటిని రైతుతో పంచుకొనిన సొత్తుగా నెంచి, పొదుపుగా వాడుకొనుట ధర్మము.